'లేదా పీజీలో' అన్న మాట చేర్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠాలు చెప్పే అధ్యాపకులం నమస్కారాలతో రాస్తున్నాం. రాష్ట్ర ఉద్యోగ ప్రకటనల్లో డిగ్రీకి కనీస శాతం అడిగిన చోట 'లేదా పీజీలో' అన్న మాట చేర్చమనేది మా మొదటి మనవి.

పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో శ్రీ వేంకటేశ్వర వర్సిటీకి (ఎస్వీయూ), పద్మావతి మహిళా వర్సిటీకి వచ్చే పిల్లలదీ, పలమనేరు, పుంగనూరు, సత్యవేడు నుంచి వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులదీ ఒకటే ప్రశ్న. "డిగ్రీలో మార్కులు తగ్గినాయి సార్, పీజీ బాగా చేస్తే అది కొట్టుకుపోతుందా?" దీనికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. కొన్నిచోట్ల పూర్తిగా కొట్టుకుపోతుంది. ఇంకొన్నిచోట్ల పీజీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నా డిగ్రీ మార్కే అడ్డం పడుతుంది. ఏ చోట ఏ రూలో తెలియకుండానే పిల్లలు ఫీజు కట్టేస్తున్నారు, రెండేళ్లు పెడుతున్నారు.

ముందు కలిసొచ్చే చోట్లు చెబుతాం. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌కు పీజీలో 55 శాతం ఉంటే చాలు, రిజర్వుడు వర్గాలకు 50. ఈ దారిలో డిగ్రీలో ఎంతొచ్చిందని అడగరు. పీహెచ్‌డీకీ అంతే. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీలో చేరాలంటే 75 శాతం కావాలి, పీజీ చేసి వస్తే 55 సరిపోతుంది. డిగ్రీలో వెనకబడిన పిల్లకు పరిశోధన వైపు ఉన్న దారి పీజీయే. బీఈడీ విషయంలో ఉపాధ్యాయ విద్యను చూసే కేంద్ర మండలి ఎన్‌సీటీఈ 2014 నాటి నిబంధన 'డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం' అని రాసింది. రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి (జనరల్) ఆఫీసరు పోస్టుకు జనరల్ అభ్యర్థులను డిగ్రీలో 60 శాతం, లేదా పీజీలో 55 శాతం అడుగుతారు. అంటే డిగ్రీలో 54 దగ్గర ఆగిపోయిన అబ్బాయి కూడా ఎంఏ 55తో దాటాడంటే ఆ పరీక్ష రాయొచ్చు. సివిల్స్‌కు, గ్రూప్-1కు డిగ్రీ పాసైతే చాలు. వాటికోసం మార్కులు కప్పిపుచ్చుకోవాలని పీజీలో చేరడం వృథా శ్రమ.

ఇక కలిసిరాని చోట్లు. గేట్ అనే జాతీయ ఇంజనీరింగ్ పరీక్ష ద్వారా ఇంజనీర్లను తీసుకునే ప్రభుత్వరంగ సంస్థలు చూసేది బీటెక్ శాతాన్నే. విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ జనరల్ అభ్యర్థులకు 65 శాతం అడుగుతుంది. బీటెక్‌లో 58 తెచ్చుకుని, ఆ లోటు ఎంటెక్‌తో పూడుతుందని నమ్మి రెండేళ్లు చదివినవాడికి ఆ గేటు తెరుచుకోదు. క్యాంపస్ ఎంపికల్లో చాలా కంపెనీలు పది, ఇంటర్, డిగ్రీ అన్నింటా 60 శాతం అడుగుతాయి. అక్కడ పీజీ మార్కు నాలుగో గడి మాత్రమే, మూడో గడిని చెరిపేయదు.

అధ్యాపక ఉద్యోగం సంగతి మరీ సూక్ష్మంగా చూడాలి. 2018 యూజీసీ నిబంధనల్లో వర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చే పట్టిక ఒకటుంది. అందులో డిగ్రీ 80 దాటితే 15 పాయింట్లు, 60 దాటితే 13, 55 దాటితే 10, 45 దాటితే 5. పీజీ 80 దాటితే 25, 60 దాటితే 23, 55 దాటితే 20. ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకమ్మాయికి డిగ్రీలో 52, పీజీలో 82. ఆమెకు 5, 25 కలిపి 30. ఇంకొకరికి డిగ్రీలో 61, పీజీలో 58. వాళ్లకు 13, 20 కలిపి 33. పీజీలో అంత కష్టపడిన అమ్మాయి మూడు పాయింట్లు వెనకే ఉంది! కారణం ఒకటే. పీజీ గడిలో కిందికీ పైకీ తేడా 5, డిగ్రీ గడిలో 10. ఆ లోటు పూడాలంటే పీజీ మార్కులతో కాదు, పీహెచ్‌డీకి వచ్చే 30తో, నెట్‌కు వచ్చే 5తో, ఒక్కో పరిశోధనా పత్రానికి, ఒక్కో ఏడాది బోధనకు వచ్చే రెండేసి పాయింట్లతో పూడాలి. పత్రాలకు, బోధనకు గరిష్ఠం పదేసి. ఇంటర్వ్యూకు వెళ్లాక ఈ పాయింట్లేవీ లెక్కలోకి రావు, ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభే చూస్తారు. ఈ సంగతి పీజీ మొదటి సెమిస్టరులోనే తెలిస్తే ఆ అమ్మాయి అప్పుడే నెట్‌కు చదవడం మొదలుపెడుతుంది.

ఇంకో చిక్కు శాతం లెక్కలో ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులో 'డిగ్రీ శాతం' అన్న గడి దగ్గర పిల్లల చెయ్యి ఆగిపోతుంది. మెమోలో ఉండేది సీజీపీఏ, అంటే పదికి వేసిన గ్రేడ్ల సగటు. 6.5 ఉంటే పదితో గుణించేవాళ్లు 65 అని రాస్తారు. 0.5 తీసేసి గుణిస్తే 60. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ పట్టిక పద్ధతిలో 0.75 తీసేస్తే 57.5. అవే మార్కులు, ఒక లెక్కలో అర్హత, ఇంకో లెక్కలో అనర్హత. కొందరు భాషల మార్కులు వదిలేసి గ్రూపు సబ్జెక్టులవే కూడి వేసేస్తారు. 59.6ను 60 చేసేస్తారు. బ్యాంకు ప్రకటనల్లో 59.99ని కూడా 60 కంటే తక్కువగానే చూస్తామని స్పష్టంగా ఉంటుంది. ఈ తప్పు పరీక్ష రోజు బయటపడదు. రాతపరీక్ష గట్టెక్కి, సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లినప్పుడు బయటపడి ఉద్యోగం చేజారుతుంది. ఇంతకంటే కడుపుకోత ఆ పిల్లలకు ఇంకేముంటుంది?

మంత్రి గారూ, కేంద్ర సంస్థల నిబంధనలు మీ చేతిలో లేవని మాకు తెలుసు. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాం. రాష్ట్ర ప్రభుత్వ నియామక ప్రకటనల్లో డిగ్రీకి కనీస శాతం పెట్టిన ప్రతిచోటా 'లేదా అదే సబ్జెక్టు పీజీలో' అన్న మాట చేర్పించండి. అదే సబ్జెక్టు అని ఎందుకంటున్నామంటే, సీటు సులువుగా దొరుకుతుందని సంబంధం లేని ఎంఏలో చేరడాన్ని మేమూ ప్రోత్సహించం. నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలకు వచ్చే కంపెనీలను, పీజీ చేసినవారి విషయంలో చివరి అర్హత మార్కులే చూడమని కోరండి. వేదిక ప్రభుత్వానిది, ఆ మాట అడిగే హక్కూ ప్రభుత్వానికుంది.

రాష్ట్ర వర్సిటీలన్నీ కన్సాలిడేటెడ్ మెమో మీదే సీజీపీఏ పక్కన శాతం, దాన్ని లెక్కించిన సూత్రం అచ్చువేయాలి. దీనికి చట్టం అక్కర్లేదు, పరీక్షల విభాగానికి ఒక ఉత్తర్వు వెళ్తే చాలు. ఆ ఒక్క లైను ఎంతోమంది పిల్లల నెత్తిన పాలు పోస్తుంది.

చివరిది, పీజీసెట్ సమాచార పుస్తకంలో ఒక్క పేజీ. ఏ ఉద్యోగానికి డిగ్రీ శాతం చూస్తారు, దేనికి పీజీ శాతం చాలు, దేనికి రెండూ చూస్తారు అన్న పట్టిక తెలుగులో ఉండాలి. ముసాయిదా మేమే రాసిస్తాం, ఉన్నత విద్యామండలి సరిచూస్తే చాలు. వచ్చే కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోపే అది పిల్లల చేతికి అందేలా చూడండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల డిగ్రీ, పీజీ అధ్యాపకులు కొందరు