పీహెచ్‌డీ ప్రవేశానికి తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

చెన్నైలోని ఒక పరిశోధనా సంస్థలో గణితశాస్త్ర పీహెచ్‌డీకి నాకు ప్రవేశం లభించిందని, ఆగస్టులో చేరబోతున్నానని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నిరుడు ఇదే ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చినదాన్ని. ఈసారి గట్టెక్కించిన వారిని పేరుపేరునా తలుచుకోవాలని ఉన్నా, వారిలో ఎక్కువమంది తమ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి, చేసిన మేలును మాత్రమే రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. అవధి (లిమిట్), అనుక్రమం (సీక్వెన్స్), అవిచ్ఛిన్న ప్రమేయం (కంటిన్యువస్ ఫంక్షన్) అన్న మాటల్లోనే గణితం నాకు పరిచయమైంది. ఎమ్మెస్సీ పరీక్షలు ఇంగ్లీషులో రాశాను గానీ, నలుగురి ముందు నిలబడి ఒక నిరూపణను నోటితో చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. నిరుడు ఇంటర్వ్యూ బోర్డు ముందు నిలబడినప్పుడు బోర్డు సభ్యులు ఒక ఉదాహరణ అడిగితే, నేను సిద్ధాంతాన్ని అప్పజెప్పాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే అప్పజెప్పాను.

ఆ సంగతి విని నన్ను తమ ఇంటికి రమ్మన్నవారు త్యాగరాయ నగర్‌లో ఉంటున్న విశ్రాంత గణిత అధ్యాపకులు. జనవరి నుంచి మే వరకు, వేళచ్చేరి హాస్టల్ నుంచి ప్రతి ఆదివారం వారింటికి వెళ్లాను. బాల్కనీ తలుపు లోపలి వైపు నల్లరంగు పూయించి, దానినే బోర్డుగా వాడుకునేవారు. మొదటి ఆదివారం అడిగిన ప్రశ్న ఇది: ఒక మెట్రిక్ స్పేస్ (బిందువుల మధ్య దూరం నిర్వచించిన సమితి) మీద వాస్తవ విలువలు తీసుకునే ప్రతి అవిచ్ఛిన్న ప్రమేయమూ బౌండెడ్ (విలువలు ఒక హద్దు దాటనిది) అయితే, ఆ స్పేస్ కంపాక్ట్ (ప్రతి అనుక్రమానికీ అందులోనే అభిసరించే ఉప అనుక్రమం ఉండేది) అని చెప్పగలమా? నేను వెంటనే హైనే-బోరెల్ సిద్ధాంతం రాయబోయాను. మాస్టారు గుడ్డతో తుడిచేసి, "అది యూక్లిడియన్ స్పేస్ సంగతి. ఇక్కడ నీ చేతిలో ఉన్నది దూరం ఒక్కటే. తెలుగులో ఆలోచించు, తెలుగులోనే చెప్పు, ఇంగ్లీషు సంగతి తరువాత చూద్దాం" అన్నారు. కంపాక్ట్ కాకపోతే అభిసరించే ఉప అనుక్రమం లేని అనుక్రమం ఒకటి దొరుకుతుందని, దాని పదాలను వేరువేరుగా ఎంచుకుంటే అవన్నీ కలిసి ఒక సంవృత సమితి అవుతాయని, ఎన్నవ పదమైతే ఆ సంఖ్యనే దానికి విలువగా ఇచ్చి, టీట్జే సిద్ధాంతంతో ఆ ప్రమేయాన్ని స్పేస్ మొత్తానికి విస్తరిస్తే అది బౌండెడ్ కాదని తేల్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన నా తప్పులను నన్నే పట్టుకోనిచ్చారు.

అసలు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాలేదు. వర్గం చేస్తే మైనస్ ఐడెంటిటీ వచ్చే వాస్తవ మాత్రిక ఏ పరిమాణంలో ఉండగలదని అడిగారు. "వెంటనే తెలియడం లేదు, చిన్నవి వేసి చూస్తాను" అని చెప్పి, ఒకటికి ఒకటి కుదరదని, రెండుకి రెండులో తొంభై డిగ్రీల భ్రమణం సరిపోతుందని రాసుకున్నాక, డిటర్మినెంట్ తీసుకుంటే పరిమాణం సరిసంఖ్య కాక తప్పదని కనబడింది. "తెలియడం లేదు" అని బెదరకుండా అనగలగడం ఆ బాల్కనీ తలుపు దగ్గర అబ్బిన విద్యే. ఫీజు సంగతి ఎత్తితే మాస్టారు, 1910లో తనను వెతుక్కుంటూ వచ్చిన రామానుజన్‌కు నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారు నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇస్తూ వచ్చిన కథ చెప్పి మాట దాటవేశారు.

దరఖాస్తుతో పాటు పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను (ఎందుకు చేరదలచానో చెప్పే వ్యాసాన్ని) సరిదిద్దినవారు బెంగళూరులో పరిశోధన చేస్తున్న ఒక అక్క. "చిన్ననాటి నుంచి గణితమంటే నాకు ప్రాణం" అని మొదలైన నా మూడు పేజీలు చదివి, "ఇది అందరూ రాసేదే చెల్లీ, నీ ప్రాజెక్టులో నువ్వు సొంతంగా తంటాలు పడ్డ చోటు ఏది?" అని అడిగారు. ధనాత్మక మాత్రికల ఐగెన్ విలువల గురించిన పెరాన్-ఫ్రోబీనియస్ సిద్ధాంతంలో ఏ షరతు తీసేస్తే ఏది చెడుతుందో చూసేందుకు నేను వేసుకున్న చిన్న మాత్రికల గురించి చెబితే, అదే రాయమన్నారు. మూడు పేజీలు ఒకటిన్నర అయ్యాయి.

సిఫారసు లేఖల విషయంలో కొంత చేదు కూడా ఉంది. ఒకరు "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు. ఇది మన దగ్గర మామూలే అయినా, నన్ను నేను పొగుడుకుంటూ రాయడం నా వల్ల కాలేదు. నా ఎమ్మెస్సీ గైడుగారు మాత్రం పాత ప్రాజెక్టు కాపీ తెప్పించుకుని, చదివి, మూడు వారాల తరువాత సొంతంగా లేఖ రాశారు. అందులో ఏముందో నాకు తెలియదు, తెలియకపోవడమే పద్ధతి.

సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధక వేతనానికి అర్హత పరీక్ష) గణిత పేపరు సి భాగంలో రుణాత్మక మార్కులు లేకపోయినా, సరైన ఐచ్ఛికాలన్నీ గుర్తిస్తేనే 4.75 మార్కులు వస్తాయి కాబట్టి తొందరపడవద్దని రోజూ పోరిన హాస్టల్ స్నేహితురాలికి, దరఖాస్తు రుసుములు తన కార్డు మీద కట్టి నెలాఖరు దాకా ఆగిన ఆఫీసు మిత్రుడికి కృతజ్ఞతలు. ఉద్యోగం మానేసి మళ్లీ చదువేమిటని మొదట బాధపడిన మా నాన్నగారు, జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థికిచ్చే వేతనం) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలని విన్నాక కొంత కుదుటపడి, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. నాలుగోసారి కాగితం చేతికి వచ్చాక బస్టాండు నుంచే ఫోన్ చేసి, అందులోని అక్షరాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించారు.

వచ్చే ఏడు దరఖాస్తు చేయదలచిన తెలుగువారు ఎవరైనా తమ స్టేట్‌మెంట్ పంపితే చదివి పెడతాను. మాస్టారి ఇంట్లో ఆదివారాలు మాత్రం ఖాళీ లేవు. ఈ నెల నుంచి కడప అబ్బాయి ఒకరు వస్తున్నారు.