మహిళా విభాగం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, ముగ్గుల పోటీ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. బహుమతులిచ్చిన దాతలకు, అద్దె తగ్గించిన కల్యాణ మండపం యజమానికి, వంటపని మీద వేసుకున్న పెరంబూరు, విల్లివాక్కం అక్కచెల్లెళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది అక్టోబరులో జరిపిన రొమ్ము క్యాన్సర్ అవగాహన సదస్సు. వెనక గదిలో చిన్నగా పెట్టమని కొందరన్నారు. మేం పెద్ద హాల్లోనే పెట్టాం. డాక్టరమ్మ సిలికాన్‌తో చేసిన రొమ్ము నమూనా ఒకటి తెచ్చారు. మూడు వేళ్ల మెత్తని భాగంతో చిన్న చుట్లు తిప్పుతూ, ముందు తేలిగ్గా, తర్వాత కొంచెం ఒత్తి, ఆపైన గట్టిగా, చంక దాకా ఎలా చూసుకోవాలో చేసి చూపించారు. బిడియంతో చివరి వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, నమూనా లోతులో ఉన్న శనగగింజంత గడ్డని వేలితో పట్టి, "ఇదిగో, ఇక్కడుంది" అన్నారు. ఆ తర్వాత బల్ల దగ్గర చోటు దొరకలేదు.

"నొప్పి లేదుగా, ఇంక భయమెందుకు?" అని చాలామంది అడిగారు. క్యాన్సర్ గడ్డ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదని, అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదని, ఎక్కువ శాతం కావని డాక్టరమ్మ చెప్పారు. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడ్డా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా వెంటనే చూపించుకోవాలి. నెలసరి వచ్చేవాళ్లు అది అయిన కొద్ది రోజులకు, ఆగిపోయినవాళ్లు నెలలో ఒకే తేదీన చూసుకోవడం మేలు. అయితే ఇంట్లో చూసుకున్నాం కదా అని పరీక్ష మానకూడదు. ప్రభుత్వ స్క్రీనింగ్‌లో, అంటే లక్షణాలు లేకపోయినా ముందుగా చేసే పరీక్షల్లో, 30 దాటిన మహిళలకు అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన అడయారులోనే ఉంది. ఎక్కడికెళ్లాలో తెలియలేదన్న మాట మన ఊళ్లో ఎవరూ అనకూడదు.

నర్సుని పంపుతామని మాటిచ్చిన ఆరోగ్య అధికారులు ఆ రోజు ఫోనే ఎత్తలేదు. ఇంటింటికీ కరపత్రాలు పంచుతామని పేర్లిచ్చిన కార్యకర్తల్లో సగం మంది రాలేదు. వచ్చిన కొద్దిమందే మధ్యాహ్నం ఎండలో మేడలెక్కి దిగారు. ఇది బాధతోనే రాస్తున్నాను.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఆడిట్ పూర్తయింది.

వచ్చే అక్టోబరులో కొరుక్కుపేటలో ఇదే సదస్సు పెట్టాలని తీర్మానించాం. రాగలిగినవాళ్లు ఈ రోజే పేర్లివ్వండి. ఇచ్చాక దయచేసి రండి.

కార్యదర్శి, మహిళా విభాగం
చెన్నై