మెకానిక్ మాట కూడా వినాలి: కార్మిక శాఖ అధికారికి బహిరంగ లేఖ

విజయవాడ కార్మిక శాఖ అధికారి గారికి నమస్కారాలు.

నేను పటమటలో ఉండే ఏసీ మెకానిక్‌ని. ఇళ్లకు సర్వీసు పనులు ఇచ్చే ఒక యాప్‌లో చేసేవాడిని. పనులు అందుకునే నా ఐడీని కంపెనీ ఆపేసింది. ఎందుకు ఆపారని ఎన్నిసార్లు అడిగినా "సిస్టమ్ నిర్ణయం" అనే మెసేజే వచ్చింది. మాట్లాడటానికి మనిషి దొరకలేదు. అందుకే నలుగురి ముందు మీకు రాస్తున్నాను.

గ్యాస్ తగ్గిందంటే ముందు లీకు ఎక్కడుందో పట్టుకోవాలి. జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, నట్టు బిగించాలి, వాక్యూమ్ చేయాలి (పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేయాలి), ఆ తర్వాతే గ్యాస్ ఎక్కించాలి. ఇదంతా సరిగ్గా చేస్తే యాప్ పెట్టిన టైము దాటిపోతుంది, యాప్ మా పనికి వేసే స్కోరు పడిపోతుంది. లీకు వదిలేసి గ్యాస్ నింపి వచ్చేస్తే స్కోరు బాగుంటుంది, కస్టమర్‌కు మాత్రం మళ్లీ ఖర్చు. బెజవాడ ఎండల్లో ఏసీ ఆగితే ఇంట్లో పెద్దవాళ్ల అవస్థ మీకు తెలియనిది కాదు. కొత్త కుర్రాళ్లు ఇప్పుడు పని నేర్పమనడం మానేసి, రేటింగ్ ఎలా పెంచుకోవాలని అడుగుతున్నారు. నాకు అన్నిటికంటే బాధ ఇదే.

కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల (మాలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల) చట్టం ప్రకారం, సాధారణంగా రాతపూర్వక కారణం, 14 రోజుల ముందస్తు నోటీసు లేకుండా ఎవరినీ తొలగించకూడదు. ఆటోమేటిక్ నిర్ణయాల గురించి కార్మికుడికి చెప్పాలి కూడా. మనకూ అలాంటి రక్షణ కావాలని ప్రభుత్వానికి సిఫారసు చేయండి. అంతకన్నా ముందు, ఐడీలు ఆగిన మెకానిక్‌లను, కంపెనీ ప్రతినిధిని మీ ఎదుట కూర్చోబెట్టి విచారణ జరపండి. స్కోరు ఎలా లెక్కిస్తున్నారో అక్కడే చెప్పించండి.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్, పటమట