చిక్కడపల్లి మందుల దుకాణం దగ్గర కలిసిన పెద్దాయనకు

మీ పేరు అడగడం మరిచిపోయాను. అందుకే ఇలా నలుగురిలో రాస్తున్నాను.

మా నాన్నగారి గుండెకు లోహపు కవాటం అమర్చి నాలుగేళ్లయింది. వారం రోజులుగా విడవని జ్వరం. యాంటీబయాటిక్ మాత్రల కోసం నేను వరుసలో నిలబడితే, వెనక నుంచి మీరు, "కవాటం మార్చిన మనిషికి జ్వరమా? ఆ మాత్రలు ఇప్పుడే వేయకండమ్మా, ముందు ఆసుపత్రిలో రక్తం కల్చర్‌కు ఇవ్వండి, అందులో క్రిములు పెరుగుతాయేమో చూస్తారు" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. మీరు మీ తమ్ముడి సంగతి చెప్పి, ఆటో పిలిచి, కిరాయి కూడా ముందే ఇచ్చేశారు.

ఆసుపత్రిలో ఒంట్లో వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు రక్తం తీశారు. అన్నవాహికలోకి గొట్టం పంపి గుండెకు ఎకో స్కాన్ చేశారు. కవాటానికి సూక్ష్మజీవులు పట్టాయి. ముందే మాత్రలు మింగి ఉంటే ఆ క్రిమి పరీక్షకు దొరక్కపోయేదేమోనని డాక్టరుగారు అన్నారు. ముదిరితే కవాటం అంచున చీము గడ్డ కట్టి గుండె లయ తప్పుతుందట, అక్కడి ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆరు వారాలు నరం ద్వారా మందు ఎక్కించారు. రెండో ఆపరేషన్ తప్పింది. నోటి క్రిములు రక్తంలోకి చేరతాయేమోనని, ఇప్పుడు పన్ను తీయించుకోవాలన్నా నాన్నగారు ముందుగా గుండె డాక్టరును అడుగుతున్నారు.

ఆటో కిరాయి ఎనభై రూపాయలు కవరులో పెట్టి అదే దుకాణంలో ఇచ్చాను. దయచేసి తీసుకోండి.