సినారియో రాసేటప్పుడు రేకు పొడవు కొలవండి

సంపాదకులకు,

రైలు సిమ్యులేటర్ ఆటలకు మన రైలు మార్గాలను తయారుచేసేవారు స్టేషన్ బోర్డు మొదలు ఇంజను హారన్ దాకా ఎంతో శ్రద్ధ పెడతారు. సినారియో (ఆ మార్గంలో ఏ బండి ఎప్పుడు, ఎలా నడవాలో రాసే కథనం) దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనబడదు. గంటన్నర నడిపాక బండి ఎర్ర సిగ్నల్ ముందు ఆగిపోతుంది, ఇక కదలదు. ఆడేవాళ్ల తప్పు ఇసుమంతైనా ఉండదు.

రామగుండం నుంచి కాజీపేటకు వచ్చే బొగ్గు రేకునే (కలిపి నడిపే వ్యాగన్ల వరుసనే) చూడండి. బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కోటి 10.7 మీటర్లు, 58 వ్యాగన్లకు 621 మీటర్లు. ఇంజను, చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ కలిస్తే 650 దాటుతుంది. మన రైల్వేలో లూప్ లైనుకు (స్టేషన్‌లో బండిని పక్కకు తీసి నిలిపే లైనుకు) ఎన్నాళ్లుగానో ఉన్న ప్రమాణం 686 మీటర్లు కనుక రేకు అందులో పడుతుంది. ఆటలో ఓదెల లూప్‌నో, జమ్మికుంట లూప్‌నో కంటి అంచనాతో 600 మీటర్లకు గీస్తే బ్రేక్ వ్యాన్‌తో పాటు మూడు నాలుగు వ్యాగన్లు మెయిన్ లైను మీదే మిగులుతాయి. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు స్టేషన్‌లోకి రానిచ్చే హోం సిగ్నల్ పడదు. ఎక్స్‌ప్రెస్ దాటనిదే గూడ్సుకు బయల్దేరనిచ్చే స్టార్టర్ సిగ్నల్ పడదు. సినారియో అక్కడితో సరి.

పెద్దపల్లి–నిజామాబాద్ లాంటి సింగిల్ లైనులో ఇంకో చిక్కు. కరీంనగర్‌లో ఎదురెదురు బండ్ల క్రాసింగ్ పెట్టి, రెండు బండ్ల దారినీ మెయిన్ లైను మీదుగానే గీసేస్తారు. ఒకదాన్ని తప్పకుండా లూప్‌లోకి మళ్లించాలి. ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్‌లో వెయిటింగ్ పాయింటుకు (బండి ఆగి ఉండాల్సిన చోటుకు) 600 అని సెకన్లలో రాస్తే ఎదురు బండి తాను అక్కడ ఆగిన క్షణం నుంచి పది నిమిషాలు ఆగుతుంది; అది ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. 31015 అని (3 తర్వాత గంట, నిమిషాలు) రాస్తే గడియారంలో 10:15 దాకా ఆగుతుంది. టైంటేబుల్ నిలవాలంటే రెండోదే వాడాలి.

బ్రేకుల సంగతి మరీ బాధాకరం. మన ప్యాసింజర్ కోచ్‌కు బ్రేకు పట్టడానికి 3–5 సెకన్లు, వదలడానికి 15–20 పడుతుంది. గూడ్సు వ్యాగన్‌కు 18–30, 45–60. కోచ్ అంకెలే వ్యాగన్‌కూ అతికిస్తే 4,700 టన్నుల రేకు ప్యాసింజర్ బండిలా ఆగుతుంది. అప్పుడు రెండు పసుపు దీపాలు చూసి ముందే వేగం తగ్గించాల్సిన పనేముంది? గూడ్సు నడపడంలోని నేర్పంతా అక్కడే కదా ఉంది!

కాషన్ (తాత్కాలిక వేగ పరిమితి) ఉన్న చోట కూడా ఇంజను దాటగానే వేగం పెంచనిస్తున్నారు. రేకు మొత్తం దాటాలి. గూడ్సుకు టి/జి బోర్డు (వేగ పరిమితి ముగిసిందని చెప్పే బోర్డు) విడిగా పెట్టేది అందుకే. ఆట ఇంజనును మాత్రమే లెక్కలోకి తీసుకునేదైతే, వేగం పెంచే బోర్డును రేకు పొడవంత ముందుకు జరిపితే చాలు.

సినారియో బయటికి ఇచ్చే ముందు మూడుసార్లు నడిపి చూడండి: సమయానికి ఒకసారి, ఐదు నిమిషాలు ముందుగా ఒకసారి, పది నిమిషాలు ఆలస్యంగా ఒకసారి. ఇరుక్కుపోయే చోట్లు ఎక్కువగా మూడోసారే బయటపడతాయి. రేకు పొడవు, బరువు, ఎక్కడెక్కడ లూప్‌లో పెడతారో మొదటి పేజీలోనే రాయండి. నిజం లోకో పైలట్‌కు కాషన్ ఆర్డర్ (ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాగితం) బయల్దేరకముందే చేతికిస్తారు.

— ఒక పాఠకుడు, కాజీపేట