శాంతి కమిటీ స్టేషన్‌లో కాదు, వీధిలో కూర్చోవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

వినాయక చవితి దగ్గర పడిందంటే మా కడపలో పోలీస్ స్టేషన్‌లో శాంతి కమిటీ సమావేశాలు మొదలవుతాయి. మొహర్రం, బక్రీద్, మిలాద్ ఉన్ నబీ వచ్చినా అంతే. అలాంటి వాటికి నేను రెండుసార్లు వెళ్లాను. ముందు వరుసలో పార్టీల నాయకులు, వెనక మాలాంటి వాళ్లం. డీజే ఎన్ని గంటలకు ఆపాలి, ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగకూడదు, అన్నీ అధికారులు చదివి వినిపించారు. అందరం తల ఊపాం. టీ తాగి, ఫొటో దిగి ఇళ్లకు వచ్చేశాం. నీకు ఏది కష్టంగా ఉంది, ఎందుకు కష్టంగా ఉంది అని ఒకరు ఇంకొకరిని అడగలేదు. పోలీసులను నేను తప్పు పట్టడం లేదు, బందోబస్తు వాళ్ల పని. మాట్లాడుకోవడం మాత్రం మన పని. దాన్ని కూడా వాళ్ల మీదే వేసి కూర్చున్నాం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా వీధిలో జరిగిన ఒక సంగతి.

మా వీధి మలుపులో ఒక టైలర్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆ భాయ్ కుట్టినవే. ఒక ఏడాది నిమజ్జనం ఊరేగింపు సరిగ్గా షాపు ముందుకు వస్తుండగా ఆయన షట్టర్ కిందికి లాగేశాడు. ఆ చప్పుడు డప్పుల్లో కూడా వినపడింది. ‘మన దేవుడు వస్తుంటే మొహం మీద షట్టర్ వేసినాడు’ అని పిల్లలు పట్టుకున్నారు. మర్నాటి నుంచి మాలో చాలామంది ఆయనకు బట్టలు ఇవ్వడం మానేశారు. ఆయన కొడుకు మా పిల్లలతో క్రికెట్‌కు రావడం మానేశాడు. పోట్లాట లేదు, కేసు లేదు. పైకి అంతా ప్రశాంతం. కానీ దాదాపు ఏడాది పాటు ఆ మలుపు దగ్గర ఎవరూ నిలబడి మాట్లాడుకోలేదు.

ఒకరోజు మా అత్తమ్మ పోయి షాపు ముందున్న స్టూలు మీద కూర్చుంది. ఆమెకు డెబ్బై ఐదేళ్లు, మనసులో ఏదీ దాచుకోదు. ‘ఏం అబ్బీ, పోయినసారి వినాయకుడప్పుడు షట్టర్ ఎందుకు దించితివి?’ అని అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మిషన్ కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో మడతపెట్టిన తెల్ల లాల్చీ ఉంది. భుజం నుంచి జేబు దాకా గులాలు మరక, ఎర్రగా. షట్టర్ దించడానికి ముందు ఏడాది సంగతి అది. ఒక పెండ్లికి కుట్టిన లాల్చీలను బయట కమ్మీకి తగిలించి ఉంటే, ఊరేగింపులో చల్లిన రంగు వచ్చి వాటి మీద పడింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. గుడ్డ డబ్బులు ఆయనే కట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. ‘కావాలనే చల్లినారేమో అనుకున్నా పెద్దమ్మా. మళ్లీ అట్లా కాకూడదని దించేసినా’ అన్నాడు.

అత్తమ్మ ఆ కవర్ పట్టుకుని నేరుగా మండపం వేసే పిల్లల దగ్గరికి వచ్చింది. వాళ్లకు నోట మాట రాలేదు. రంగు ఎవరి షాపులో పడిందో వాళ్లకు నిజంగానే తెలియదు. సాయంత్రం నలుగురు పోయారు. ‘చెప్పి ఉంటే అప్పుడే అయిపోయేది కదా మామా’ అన్నాడు ఒకడు. ‘అడిగినోళ్లు ఎవరు రా?’ అన్నాడాయన.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. షట్టర్ దించడం ఒకరికి జాగ్రత్త, ఇంకొకరికి అవమానం. రంగు చల్లడం ఒకరికి సంబరం, ఇంకొకరికి నష్టం. ఒకే వీధిలో ఉంటూ ఒకే పనికి రెండు అర్థాలు తీశాం. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చిన వాళ్లతో మన వాళ్లకు వచ్చే తగాదాల్లోనూ ఇదే చూశాను. అక్కడ భాష కూడా అడ్డం.

మన సీమలో మాట్లాడుకోవడం అంటే పంచాయితీ అనుకుంటాం. పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు ఎవరిదో తేలుస్తారు, రాజీ కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. ఫ్యాక్షన్ ఊళ్లలో అలాంటి రాజీలు ఎన్ని జరిగాయో, వాటి తర్వాత కూడా ఎన్ని గొడవలు లేచాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. సంతకం పడింది గానీ కడుపులో మంట చల్లారలేదు. నేను చెప్పే మాట్లాడుకోవడంలో తీర్పు ఉండదు. ఎదుటివాడి మాట ముందు పూర్తిగా వినాలి. బడిలో పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు కొట్లాడుకుంటే నేను ఒకటే చేసేదాన్ని. వాడు చెప్పింది నువ్వు తిరిగి చెప్పు, వాడు అవునన్న తర్వాతే నీ మాట చెప్పు, అనేదాన్ని. సగం గొడవలు అక్కడే ఆగిపోయేవి. పెద్దవాళ్లకు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే మనం వింటూనే లోపల జవాబు తయారు చేసుకుంటూ ఉంటాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొట్టినవాడి మీద, షాపు తగలబెట్టినవాడి మీద కేసు పెట్టాల్సిందే. అక్కడ కలిసి టీ తాగితే సరిపోదు. మాటలు పనికొచ్చేది అంతదాకా పోకముందు, లేదంటే న్యాయం జరిగిన తర్వాత.

మనకు గొప్ప వారసత్వం ఉందని అంటారు, నిజమే. ఉగాది నాడు దేవుని కడప గుడిలో, స్వామిని పెళ్లాడిందని చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా తలచుకుని ముస్లింలు వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టడం చూస్తే నా కళ్లు చెమరుస్తాయి. పెద్ద దర్గా ఉరుసుకు మా ఇంట్లో వాళ్లూ పోతారు. వీరబ్రహ్మం గారి శిష్యుడు సిద్దయ్య పుట్టుకతో దూదేకుల సాయిబు. ఉగాది మర్నాడు పేపర్లో ఆ కొబ్బరికాయ కొట్టే ఫొటో వేసి ‘మత సామరస్యానికి ప్రతీక’ అని మీరూ రాస్తారు. ఆ ఫొటో చూసి మనకేం గొడవల్లేవులే అనుకోవడమే నాకు భయం. మా వీధిలో అందరం ఆ గుడికీ పోతాం, ఆ దర్గాకూ పోతాం. అయినా దగ్గరదగ్గర ఏడాది పాటు ఒక షట్టర్ గురించి అడగలేకపోయాం.

ఐక్యరాజ్యసమితి 2001ని నాగరికతల మధ్య సంభాషణ సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది సెప్టెంబర్ 11 చూశాం. మరుసటి ఏడాది మే 21ని సాంస్కృతిక వైవిధ్యానికి, సంభాషణకు ప్రపంచ దినంగా ప్రకటించారు. దేశాల స్థాయిలో అలాంటి రోజులు కావాలి. కానీ టైలర్ షాపు ముందు స్టూలు మీద కూర్చోవడానికి ఐక్యరాజ్యసమితి రాదు.

అందుకే జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. శాంతి కమిటీని పండగకు రెండు రోజుల ముందు కాకుండా రెండు నెలలకొకసారి, వార్డుల్లో కూర్చోబెట్టండి. మున్సిపల్ బడి చాలు, బ్రౌన్ గ్రంథాలయం ఇచ్చినా మంచిదే. నాయకులు తర్వాత. ముందు డీజే పెట్టే పిల్లలను, మసీదు పక్కన కాపురం ఉండేవాళ్లను, బండి మీద పండ్లు అమ్మేవాళ్లను, ఆడవాళ్లను పిలవండి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో నిజమా అబద్ధమా అని అక్కడే ముఖాముఖి అడగనివ్వండి. కోపంగా మాట్లాడినా మాట్లాడనివ్వండి.

మా వీధిలో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నమాజు వేళ మసీదు ముందు డీజే గురించి ఇప్పటికీ గట్టిగానే వాదించుకుంటున్నాం. కాకపోతే మొన్నటి నిమజ్జనానికి షాపు తెరిచే ఉంది. బట్టలన్నీ ఆయన లోపలికి మార్చుకున్నాడు. పిల్లలు మలుపు రాకముందే రంగు సంచులు మూతి కట్టేశారు.

వచ్చే చవితి లోపు మా వార్డులో అలాంటి సమావేశం పెడితే నేను వస్తాను. అత్తమ్మను కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కడప.