పాత ఫొటోల విభాగం నుంచి జవాబు రాకపోవడంపై ఫిర్యాదు

పాఠకుల సేవా విభాగం మేనేజర్ గారికి,
హైదరాబాద్.

అయ్యా,

మీ పత్రిక భద్రపరచిన 1950ల నాటి నగర జీవితపు ఛాయాచిత్రాలను పాఠకులకు ప్రింట్లుగా ఇస్తామన్న ప్రకటన చూసి, సొమ్మంతా ముందే చెల్లించి, సుల్తాన్ బజార్‌లో రిక్షాలు బారులు తీరిన ఫొటో కోరాను. వచ్చింది మొజంజాహీ మార్కెట్ ఫొటో. దాని కింద ‘చార్మినార్ వద్ద సందడి’ అని రాసి ఉంది. 1935 నాటి మార్కెట్ గడియారపు గోపురానికీ, 1591 నాటి నాలుగు మినార్లకూ తేడా తెలియనివారు ఈ ఊరి పత్రికలో ఉన్నారా అనుకున్నానే గాని, ఈ లేఖ ఆ పొరపాటు గురించి కాదు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, చాలాసేపు సంగీతం వినిపించాక ఒక ఉద్యోగిని ఎంతో మర్యాదగా నా చందా ఎప్పుడు ముగుస్తుందో చెప్పి, ఇప్పుడే పొడిగించుకుంటే స్టీలు డబ్బా ఉచితమని తెలియజేశారు. ఫొటో సంగతి సర్క్యులేషన్ వారిని అడగమన్నారు. వారు అది ప్రకటనల విభాగం పని అన్నారు. అక్కడి పెద్దమనిషి నా మాట సగమే విని, శ్రద్ధాంజలి ప్రకటనకు ఫొటో ఏ సైజులో ఉండాలో, చదరపు సెంటీమీటరుకు ఎంతవుతుందో వివరించసాగారు. నేనింకా బతికే ఉన్నానని ఆయనకు విన్నవించుకోవలసి వచ్చింది.

స్వయంగా కార్యాలయానికి వస్తే, గేటు దగ్గర రిజిస్టరులో సంతకం చేయించి, మీవారి భోజన విరామం ముగిసేదాకా రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. చివరకు పైనుంచి దిగివచ్చిన యువకుడు, “ఆ ఫొటోలు తీసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు సార్” అన్నాడు. మళ్లీ తీయమని నేనడగలేదు. తీయాలన్నా, నిజాం నాటి హైదరాబాద్ డబ్బైన హాలీ సిక్కాలు చెల్లించి రిక్షా ఎక్కిన జనాన్ని, 1956 నవంబరు 1కి ముందున్న హైదరాబాద్ రాష్ట్రాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? ఆ నెగటివ్‌లైనా క్షేమమేనా అంటే, గది తాళం వేరొకరి దగ్గర ఉందన్నాడు. వేడికీ తేమకూ వదిలేస్తే పాత అసిటేట్ ఫిల్మ్ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుందని ఆ తాళం ఉన్నవారికైనా తెలుసో లేదో.

ఇక నా ఈమెయిల్‌కు వచ్చిన ఒకే ఒక్క జవాబు ఏమిటంటే, నా ఫిర్యాదు పరిష్కారమైపోయిందట, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. పరిష్కరించిన ఆ మహానుభావుడెవరో తెలిస్తే వచ్చి శాలువా కప్పుతాను.

మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో మీ పత్రికే చదువుతున్నాం. వానలో తడిపి వేసిన రోజున ఇస్త్రీ పెట్టుకుని మరీ చదివాం. పోటీ పత్రికవారు సగం ధరకే ఇస్తామని గుమ్మంలో నిలబడినా మారలేదు. ఆ విశ్వాసానికి దక్కిన మర్యాద ఇదా?

నేను కోరిన ఫొటో పంపుతారో, డబ్బు వాపసు చేస్తారో మీ ఇష్టం గాని, బాధ్యత గల అధికారి ఒకరు తన పేరు రాసి, సంతకం చేసి నాకు ఉత్తరం పంపాలి. ఈ నెలాఖరులోగా అది అందకపోతే చందా మానేయడమే కాక, మా అపార్ట్‌మెంట్‌లో అందరిచేతా మాన్పిస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళతాను.

రసీదు నకలు జతచేశాను. ఫోన్ నంబరు మాత్రం ఈసారి ఇవ్వడం లేదు. స్టీలు డబ్బా గురించి మీ వాళ్లు ఇప్పటికే తగినన్ని సార్లు ఫోన్ చేశారు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు